నిమిషంలో అంకె, వారం పట్టే మందు: ఇంట్లో ఐఎన్‌ఆర్ చూసుకునే మీటరుతో ఏడాదిన్నర

మా అమ్మకు చిన్నతనంలో వచ్చిన కీళ్లవాత జ్వరం గుండెలోని మైట్రల్ కవాటాన్ని పాడుచేయడంతో, పదకొండేళ్ల కిందట విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి దాని స్థానంలో లోహపు కవాటం అమర్చారు. ఆ రోజు నుంచి ఆమె రాత్రి భోజనమయ్యాక వార్ఫరిన్ మాత్ర వేసుకుంటోంది, జీవితాంతం వేసుకోవాలి. ఆ మాత్ర ఏ మేరకు పనిచేస్తున్నదో తెలిపే ఐఎన్‌ఆర్ అనే అంకె ఆమెకు 2.5కూ 3.5కూ మధ్య ఉండాలి. టెక్కలి దగ్గరున్న మా ఊరి నుంచి నెలకోసారి బస్సెక్కి శ్రీకాకుళం వెళ్లి, ఒక ల్యాబులో రక్తమిచ్చి, ఏడురోడ్ల కూడలి దగ్గర టిఫిను చేసి, సాయంత్రం రిపోర్టు చేతికొచ్చేదాకా కాచుకుని, ఆ కాగితం డాక్టరు గారికి ఫోన్లో పంపి, చీకటి పడ్డాక ఇల్లు చేరడం మాకు అలవాటైపోయింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు కొబ్బరిచెట్లు, కరెంటు స్తంభాలు రోడ్ల మీద పడిపోయి మూడు వారాల పాటు పరీక్ష చేయించలేకపోయాము. ఇంట్లోనే చూసుకునే సాధనం ఏదైనా ఉంటే బాగుండునన్న ఆలోచన అప్పుడే మొదలైనా, కొన్నది మాత్రం ఏడాదిన్నర కిందటే.

అరచేతిలో పట్టే ఈ మీటరు చూడటానికి షుగరు మీటరులాగే ఉంటుంది. వేలి కొన మీద పొడిచి, మెంతి గింజంత రక్తపు చుక్కను మీటరులో పెట్టిన పట్టీకి (స్ట్రిప్పుకు) అందిస్తే నిమిషం లోపే ఐఎన్‌ఆర్ చూపిస్తుంది. అమ్మిన దుకాణంతో నాకు తగువు జరిగింది కనుక కంపెనీ పేరు గానీ దుకాణం పేరు గానీ రాయడం లేదు. ఈ మీటరు మంచిదా కాదా అని నన్ను చాలామంది అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు మీటరు కంటే ఎక్కువగా మందులోనే ఉందని నాకు ఆలస్యంగా అర్థమైంది కాబట్టి, ముందు ఆ సంగతి కొంత చెప్పక తప్పదు.

వార్ఫరిన్‌ను మన దగ్గర అందరూ రక్తం పలుచన చేసే మాత్ర అంటారు. నిజానికి ఈ మాత్ర వల్ల రక్తం నీళ్లలా పలచబడదు, చిక్కదనం ఏమీ మారదు. మారేది గడ్డకట్టే వేగం ఒక్కటే. ఆపరేషన్ అయిన ఏడాదిలో అమ్మ కత్తిపీట మీద పనసకాయ తరుగుతూ బొటనవేలు కోసుకుంది. గట్టిగా గుడ్డ నొక్కి పట్టుకుంటే మొదట ఆగినట్టే ఆగింది; గుడ్డ తీసిన కాసేపటికి మళ్లీ ఊరడం మొదలైంది. పూర్తిగా ఆగడానికి అరగంట దాకా పట్టింది. ఎందుకలా జరిగిందో ఆ రోజు నాకు బోధపడలేదు గానీ, రక్తం గడ్డకట్టే తీరు మొత్తం ఆ అరగంటలోనే ఉంది.

రక్తనాళం తెగగానే మొదట అది ముడుచుకుంటుంది, వెంటనే ప్లేట్‌లెట్లు వచ్చి తెగిన చోట అతుక్కుని ఒకదానికొకటి పట్టుకుని చిన్న బిరడాలా అడ్డుపడతాయి. వార్ఫరిన్ ఈ ప్లేట్‌లెట్ల జోలికి పోదు. అందుకే అమ్మ వేలు మొదట ఆగినట్టు కనిపించింది. అయితే ఆ బిరడా బలహీనమైనది, దానిని నిలబెట్టడానికి ఫైబ్రిన్ అనే దారాల వల కావాలి. తెగిన నాళం చుట్టూ ఉండే కణజాలంలోని టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రొటీను రక్తంలోని ఏడో కారకాన్ని కలిసిన క్షణం నుంచి ఆ వల అల్లిక మొదలవుతుంది (గడ్డకట్టడానికి పనికొచ్చే రక్తంలోని పదార్థాలను కారకాలంటారు, వాటిని అంకెలతో పిలుస్తారు). ఏడోది పదోదానిని, తొమ్మిదోదానిని మేల్కొలుపుతుంది. మేలుకున్న పదోది ప్రోత్రాంబిన్‌ను త్రాంబిన్‌గా మారుస్తుంది. త్రాంబిన్ రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజన్‌ను కోసి ఫైబ్రిన్ దారాలుగా మారుస్తుంది. త్రాంబిన్ అంతటితో ఊరుకోదు. తనను పుట్టించిన గొలుసులో వెనక్కి వెళ్లి ఐదో, ఎనిమిదో, పదకొండో కారకాలను కూడా లేపి, తనలాంటి త్రాంబిన్‌ను ఇంకా ఇంకా పుట్టిస్తుంది. పదమూడో కారకాన్ని లేపి దారాలను ఒకదానితో ఒకటి కుట్టిస్తుంది. ఒక నిప్పురవ్వ కొట్టాన్ని అంటించినట్టు, చిన్న మొదలు నుంచి పెద్ద పని నిమిషాల్లో జరిగిపోవడానికి కారణం ఈ వెనకటి తోపే.

ఈ కారకాలలో రెండు (ప్రోత్రాంబిన్ అదే), ఏడు, తొమ్మిది, పది అనే నాలుగింటిని కాలేయం తయారుచేస్తుంది. అయితే వాటికి చివరి మెరుగు పెట్టడానికి విటమిన్ కె ఉండాలి. ఆ మెరుగు పడితేనే అవి కాల్షియం సాయంతో గాయం దగ్గరి కణాల పొరకు అతుక్కోగలవు, పడకపోతే ఉండీ లేనట్టే. ఒక్కసారి వాడిన విటమిన్ కెను మళ్లీ పనికొచ్చే రూపంలోకి తెచ్చే ఎంజైము ఒకటి కాలేయంలో ఉంటుంది. వార్ఫరిన్ చేసేదల్లా ఆ ఎంజైమును అడ్డుకోవడమే. కోడిపిల్లల మీద పరిశోధనలు చేస్తూ ఈ విటమిన్‌ను గుర్తించిన డెన్మార్క్ శాస్త్రవేత్త హెన్రిక్ డామ్‌కు, దాని నిర్మాణాన్ని తేల్చిన ఎడ్వర్డ్ డాయిజీతో కలిపి 1943 సంవత్సరపు నోబెల్ బహుమతి ఇచ్చారు. గడ్డకట్టడాన్ని సూచించే జర్మన్, డేనిష్ మాటలోని మొదటి అక్షరమే ఆ కె.

ఇక వార్ఫరిన్ సంగతి. అమెరికాలో, కెనడాలో బూజుపట్టిన తీపి క్లోవర్ గడ్డి మేసిన పశువులు చిన్న గాయానికే రక్తం కారి చనిపోతుంటే, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలోని కారణ పదార్థాన్ని వేరుచేసింది. దాని నుంచి వచ్చిన వార్ఫరిన్‌ను 1948లో ముందుగా ఎలుకల మందుగా అమ్మారు, 1954లో మనుషుల వైద్యానికి అనుమతి వచ్చింది. మా పక్కింటి పిన్నిగారు ఈ కథ ఎక్కడో విని "కొడుకై ఉండి ఎలకల మందు మింగిస్తన్నావేటి నాన్నా" అని నన్ను నిలదీశారు. మోతాదు ఎంతన్నదే అసలు సంగతి అని ఆమెకు నచ్చజెప్పడానికి చాలా సేపు పట్టింది.

మీటరుకు సంబంధించి అసలు ముఖ్యమైనది ఇక్కడే ఉంది. వార్ఫరిన్ అప్పటికే రక్తంలో తిరుగుతున్న కారకాలను ఏమీ చేయదు, కొత్తగా తయారయ్యేవాటిని మాత్రమే పనికిరాకుండా చేస్తుంది. పాతవి వాటంతటవి తరిగిపోవాలి. ఏడో కారకం సగానికి పడిపోవడానికి సుమారు 6 గంటలు చాలు, తొమ్మిదోదానికి ఒక రోజు, పదోదానికి రోజున్నర, ప్రోత్రాంబిన్‌కు అయితే రెండున్నర రోజుల పైమాటే. అందుచేత మాత్ర మొదలుపెట్టిన రెండో రోజుకే ఐఎన్‌ఆర్ పెరిగినట్టు కనిపించినా, అది ఏడో కారకం తగ్గిన గుర్తు మాత్రమే గాని గడ్డల నుంచి రక్షణ దొరికినట్టు కాదు. పైగా గడ్డకట్టకుండా కాపాడే ప్రొటీన్ సి కూడా విటమిన్ కె మీదే ఆధారపడి, ఏడోదానిలాగే త్వరగా తరిగిపోతుంది. ఆపరేషన్ తరవాత కనీసం ఐదు రోజులు అమ్మకు గడ్డకట్టడాన్ని వెంటనే ఆపే హెపారిన్ ఇంజెక్షన్లు కూడా ఇవ్వడానికి కారణం అదే. మోతాదు మార్చినప్పుడూ ఇంతే: ఈ రోజు వేసిన మాత్ర పూర్తి ఫలితం తెలియడానికి దాదాపు వారం పడుతుంది.

ఇప్పుడు మీటరు. పట్టీలో టిష్యూ ఫ్యాక్టర్ ఉన్న పొడి పొర ఒకటి ఉంటుంది. రక్తం దానిని తాకగానే పైన చెప్పిన గొలుసంతా ఆ చిన్న గాడిలోనే మొదలవుతుంది. త్రాంబిన్ పుట్టగానే పట్టీలోని మరో పదార్థాన్ని కోస్తుంది, అప్పుడు పుట్టిన కొద్దిపాటి విద్యుత్తును మీటరు పసిగడుతుంది. అంతదాకా ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కగట్టి ఐఎన్‌ఆర్‌గా మార్చి చూపిస్తుంది. ల్యాబులో సాధారణ మనిషికి ఈ సమయం సుమారు 12 సెకన్లు. అయితే ఒక్కో ల్యాబు వాడే రసాయనం ఒక్కో వేగంతో పనిచేస్తుంది కనుక, సెకన్లను పోల్చడం కుదరదని 1980లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐఎన్‌ఆర్ లెక్కను ప్రవేశపెట్టింది. రోగి సమయాన్ని మామూలు సమయంతో భాగించి, ఆ రసాయనపు చురుకుదనాన్ని తెలిపే ఐఎస్‌ఐ అనే సంఖ్యను ఘాతంగా వేస్తే వచ్చేదే ఐఎన్‌ఆర్. మందు వాడని మనిషికి అది 1 దగ్గర ఉంటుంది. శ్రీకాకుళంలో చూసినా విశాఖలో చూసినా అంకె ఒకేలా రావాలన్నదే దీని ఉద్దేశం.

రావాలి గాని, రక్తం తీసేవారి చేతిలోనూ కొంత ఉంటుంది. ఒకసారి ల్యాబు రిపోర్టులో 4.4 అని వచ్చింది. అంతకు ముందు నెల 2.9 ఉంది, మాత్ర మారలేదు, తిండి మారలేదు, కొత్త మందు ఏదీ వేసుకోలేదు. డాక్టరు గారు ఫోన్లో అడిగిన మొదటి ప్రశ్న నన్ను ఆశ్చర్యపరిచింది: "నీలం మూత గొట్టం గీత దాకా నిండిందా?" నిండలేదు. అమ్మ చేతిలో నరం దొరక్క, సగం గొట్టమే తీసి పంపేశారు. ఆ గొట్టంలో ముందే పోసి ఉంచే సిట్రేటు రక్తంలోని కాల్షియాన్ని పట్టేసుకుని గడ్డకట్టకుండా ఆపుతుంది. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేటు అన్న లెక్కన అది ఉంటుంది. రక్తం సగమే పడితే సిట్రేటు మిగిలిపోయి, పరీక్షలో కలిపే కాల్షియాన్ని కూడా కొంత మింగేస్తుంది. ఐఎన్‌ఆర్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. అదే రోజు మరోచోట నిండు గొట్టం ఇచ్చి చూపిస్తే 3.0 వచ్చింది. మొదటి 4.4ను నమ్మి మేము మాత్ర ఆపేసి ఉంటే, లోహపు కవాటం మీద గడ్డ ఏర్పడే ప్రమాదాన్ని కోరి తెచ్చుకున్నట్టయ్యేది. ఆ ల్యాబు వారికి ఈ సంగతి చెబితే, అందరికీ ఇలాగే తీస్తున్నామని సమాధానమిచ్చారు. మీటరు కొనాలని నేను తీర్మానించుకున్నది ఆ సాయంత్రమే.

మీటరులో సిట్రేటు గొడవ లేదు గాని, వేలి దగ్గర తనదైన గొడవ ఉంది. చుక్క సరిగ్గా రాకపోతే వేలిని పిండాలనిపిస్తుంది. గట్టిగా పిండితే కణజాలపు నీరు, దానితోపాటు టిష్యూ ఫ్యాక్టర్ కూడా చుక్కలో కలిసి అంకె తప్పుతుంది. మొదటి చుక్కనే, పొడిచిన 15 సెకన్ల లోపే పట్టీకి అందించాలి. అమ్మకు ఎప్పుడూ చేతులు చల్లగా ఉంటాయి. మొదటి నెలలో మూడు పట్టీలు పాడుచేశాక, గోరువెచ్చని నీళ్లలో చెయ్యి కడిగించి, పూర్తిగా తుడిచి, చేతిని రెండు నిమిషాలు కిందికి వేలాడదీసి, గోరు పక్కన వేలి అంచున పొడవడం నేర్చుకున్నాను. తడి చెయ్యితో పొడిస్తే నీరు కలిసి మళ్లీ తప్పే. ఇప్పుడు పట్టీలు పాడవడం లేదు. అమ్మ మాత్రం ప్రతిసారీ మొహం పక్కకు తిప్పుకుని "ఈ సూది పోట్లు ఇంకెన్నాళ్లేటి" అంటూనే ఉంటుంది. నరంలోంచి రక్తం తీయడం కంటే ఇదే నయమని మాత్రం ఒప్పుకుంది.

మన వాతావరణానికి ఈ మీటరు అంతగా సరిపడదు. పట్టీల పెట్టెను 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచమని దాని మీద రాసి ఉంటుంది. మే నెలలో మా పెంకుటింట్లో రాత్రిపూట కూడా 30 దిగదు, అందుకని పట్టీలు ఫ్రిజ్‌లోనే ఉంటాయి. గది వేడి 32 దాటితే మీటరు థర్మామీటరు బొమ్మ చూపించి పని మానేస్తుంది, కాబట్టి వేసవిలో పరీక్ష తెల్లవారుజామున చేస్తాము. నా తగువు కూడా ఈ వేడి గురించే. నిరుడు మే చివర్లో తెప్పించిన పట్టీల పెట్టె కొరియరు ఆఫీసులో రెండు రోజులు ఉండి, మంచుగడ్డ సంచీ ఏదీ లేకుండా మామూలు అట్టపెట్టెలో వచ్చింది. ప్రతి పట్టీలోనూ నాణ్యతను తనిఖీ చేసుకునే ఏర్పాటు ఉండటం వల్ల మీటరు ఒకదాని తరవాత ఒకటిగా నాలుగు పట్టీలను తిరస్కరించింది. తప్పు అంకె చూపించకుండా అసలు చూపించకపోవడం ఈ మీటరులో నాకు బాగా నచ్చిన గుణం. దుకాణంవారు మాత్రం పెట్టె తెరిచారు కాబట్టి మార్చబోమన్నారు. తెరవకుండా పాడైనట్టు ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు ఈనాటికీ సమాధానం లేదు. అప్పటి నుంచి పట్టీలు చలికాలంలోనే ఏడాదికి సరిపడా, గడువు తేదీ చూసి మరీ కొంటున్నాను.

ఖరీదు విషయానికి వస్తే, మీటరు ఒక మంచి స్మార్ట్‌ఫోను ధరకు తక్కువ లేదు, ఒక్క పట్టీ ల్యాబులో ఒక పరీక్ష ధరకు ఎక్కువే. బస్సు ఛార్జీలు, రోజు కూలీ, టిఫిను కలిపి చూస్తేనే లెక్క సరిపోతుంది. శ్రీకాకుళం పట్టణంలోనే ఉంటూ, గొట్టం నిండా రక్తం తీసే ల్యాబు దగ్గర్లో ఉన్నవారికి ఇది దండగ.

ఇక నేను చేసిన తప్పు. కొత్తలో చేతిలో మీటరు ఉందన్న ఉత్సాహంతో ఒక మంగళవారం చూస్తే 2.2 వచ్చింది. డాక్టరు గారిని అడక్కుండా రాత్రి మోతాదు ఒక మిల్లీగ్రాము పెంచాను. గురువారం చూస్తే 2.3. మందు పట్టలేదనుకుని మరో మిల్లీగ్రాము పెంచాను. శనివారం 2.6, సోమవారం 3.4, ఆ పై గురువారం 4.6. అంటే మంగళవారం పెంచిన మాత్ర ఫలితం ఇంకా పూర్తిగా రాకముందే దాని మీద ఇంకో పెంపు వేశాను. రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చి కలిశాయి. డాక్టరు గారు కేకలేసి, మోతాదు మారిస్తే వారం మొత్తం తీసుకునే మాత్రల్లో పది శాతం చొప్పున మార్చాలని, మళ్లీ పరీక్ష వారం ఆగాకే చేయాలని, ఈ మధ్యలో మీటరు బీరువాలో పెట్టి తాళం వేయమని చెప్పారు. తాళం మాట తమాషాకే అన్నా నేను నిజంగానే వేశాను. ఈ మీటరు కొనేవారికి నేను చెప్పదలచుకున్న మాట ఇది ఒక్కటే: ఈ రోజు మీటరు చూపేది ఈ రోజు మాత్ర గురించి కాదు, మూడు నాలుగు రోజుల కిందటి మాత్రల గురించి. అది తెలియని చేతిలో ఇది ల్యాబు కంటే ప్రమాదకరం.

అయితే సరిగా వాడినప్పుడు, నెలకోసారి రిపోర్టులో ఎప్పటికీ కనిపించని సంగతులను ఇది పట్టిస్తుంది. ఆషాఢంలో ములగాకు తినాలన్నది మా ఇంట్లో ఆచారం. పప్పులో వేసి, పొడి చేసి, వేపుడు చేసి, ఆ నెలంతా అమ్మ ఏదో ఒక రూపంలో తింటూనే ఉంటుంది. ములగాకులో విటమిన్ కె దండిగా ఉంటుంది. వార్ఫరిన్ ఒక పక్క ఆపుతుంటే ఇంకో పక్క ఈ ఆకు సరఫరా చేస్తుంది. పోయిన ఆషాఢం రెండో వారానికి 2.9 నుంచి 1.9కి దిగింది. ప్రతి ఏటా ఇలాగే దిగి, మళ్లీ శ్రావణంలో పైకి వచ్చేదేమో, మాకు తెలిసేది కాదు. ఆకుకూరలు పూర్తిగా మానేయాలని చాలామంది చెబుతారు గాని అది సరి కాదు. తోటకూర, పాలకూర, గోంగూర ఏదైనా సరే, వారం వారం ఇంచుమించు ఒకే పాళ్లలో తింటే దానికి తగ్గట్టు మాత్ర అమరుతుంది. ఇష్టం వచ్చినప్పుడు ఎక్కువ తిని, ఇష్టం లేనప్పుడు మానేస్తేనే అంకె ఊగుతుంది. ఈ ఏడాది ములగాకు ఆచారం ఆగలేదు, వారానికి రెండు రోజులకు తగ్గింది.

దానికి ఎదురు దారిలో జరిగినది ఇంకా భయపెట్టింది. విరేచనాలైతే ఊళ్లోని ఆర్‌ఎంపీ గారు మెట్రోనిడజోల్ మాత్రలు ఐదు రోజులకు ఇచ్చారు. వార్ఫరిన్‌ను శరీరంలోంచి బయటికి పంపే కాలేయపు ఎంజైమును ఆ మందు అడ్డుకుంటుందని నాకు అప్పటికి తెలియదు. నాలుగో రోజు పొద్దున పళ్లు తోముకుంటూ అమ్మ ఉమ్మిన నురగ గులాబీ రంగులో ఉంది. మీటరు తీసి చూస్తే 5.8. ఇలాంటి అంకె వచ్చినప్పుడు మీటరును నమ్మి ఊరుకోకూడదు. 4 దాటాక ల్యాబుకూ మీటరుకూ తేడా పెరుగుతుంది. ఆటో మాట్లాడుకుని టెక్కలి వెళ్లి ల్యాబులో చూపిస్తే 5.2 వచ్చింది. రక్తస్రావం ఎక్కడా పెద్దగా లేదు కనుక డాక్టరు గారు రెండు రాత్రులు వార్ఫరిన్ ఆపమన్నారు, మెట్రోనిడజోల్ మానిపించారు, విటమిన్ కె ఇంజెక్షన్ వద్దన్నారు. లోహపు కవాటం ఉన్నవారికి విటమిన్ కె అనవసరంగా ఎక్కించి ఐఎన్‌ఆర్‌ను ఒక్కసారిగా కిందికి తెస్తే గడ్డ పడే ప్రమాదం, పైగా తరవాత కొన్ని రోజుల పాటు వార్ఫరిన్ పట్టదు. మూడో రోజుకు 3.3 వచ్చింది. ఆ రెండు రోజుల్లో చేసిన పరీక్షలతోనే మీటరు ఖరీదు తీరిపోయిందని నేను అనుకుంటాను. ఆ తరవాత నుంచి ఆర్‌ఎంపీ గారు ఇంటికి వస్తే ముందు మీటరుతో పాటు ఉండే నోటుపుస్తకం చూస్తారు. నొప్పులకు డైక్లోఫెనాక్ సూది వేయబోతే అమ్మే "నాకొద్దు బాబూ, కండలో రగతం గడ్డ కట్టీస్తాదంట" అని చెప్పేస్తుంది.

మీటరు ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. సోంపేటలో ఉండే మా చిన్నమామయ్యకు గుండె లయ తప్పే జబ్బు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంది. కవాటాలు బాగానే ఉన్నాయి. ఆయన వాడేది వార్ఫరిన్ కాదు, ఎపిక్సబాన్. అది విటమిన్ కె దాకా పోకుండా నేరుగా పదో కారకం మీదే కూర్చుంటుంది; రివరోక్సబాన్ కూడా అంతే; డాబిగట్రాన్ నేరుగా త్రాంబిన్‌నే పట్టుకుంటుంది. 2008 నుంచి ఒక్కొక్కటిగా వాడకంలోకి వచ్చిన ఈ మాత్రలు రెండు మూడు గంటల్లోనే పని మొదలుపెడతాయి, పూట మోతాదు మరిచిపోతే అంత త్వరగానూ రక్షణ పోతుంది. ఆకుకూరల బెడద లేదు, ఐఎన్‌ఆర్ పరీక్ష అక్కర్లేదు. మా ఇంటికి వచ్చినప్పుడు మామయ్య సరదాకి వేలు చాపితే 1.4 చూపించింది. ఆ అంకెకు అర్థం లేదు. మందు చాలినట్టూ కాదు, చాలనట్టూ కాదు. ఆయన చూసుకోవలసింది మూత్రపిండాల పరీక్ష. ఈ మాత్రలు కొంత మేరకు మూత్రపిండాల ద్వారానే బయటికి పోతాయి. డాబిగట్రాన్ అయితే 80 శాతం దాకా అంతే. ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంతగా పాతుకుపోయిందో మన జిల్లా వారికి చెప్పనక్కర్లేదు. అందుకే మామయ్యకు మూడు నెలలకోసారి క్రియాటినిన్ చూసి, మోతాదు సరిపోతున్నదో లేదో ఆయన డాక్టరు తేలుస్తారు.

మరి అమ్మకు ఆ కొత్త మాత్ర ఇచ్చి ఈ మీటరు బాధ వదిలించుకోవచ్చు కదా అని మామయ్య అడిగారు. కుదరదు. లోహపు కవాటాల వారికి డాబిగట్రాన్ ఇచ్చి చూసిన పరీక్షలో గడ్డలూ రక్తస్రావాలూ రెండూ ఎక్కువవడంతో దానిని మధ్యలోనే ఆపేశారు. ఫలితాలు 2013లో వచ్చాయి. లోహాన్ని తాకిన రక్తంలో గడ్డకట్టే గొలుసు వేరే దారిన కూడా మొదలవుతుంది, ఒక్క త్రాంబిన్‌ను పట్టుకుంటే అది ఆగదు. నాలుగు కారకాలనూ ఒకేసారి తగ్గించే వార్ఫరిన్ అక్కడ నిలబడుతుంది. కీళ్లవాత జ్వరంతో కవాటం ఇరుకై, గుండె లయ తప్పినవారి మీద జరిగిన మరో పెద్ద పరీక్షలోనూ రివరోక్సబాన్ కంటే పాత మందే మేలని 2022లో తేలింది. మన ప్రాంతంలో కీళ్లవాత గుండెజబ్బు ఇంకా ఉంది గనుక, పాత మాత్రా దాని పరీక్షా ఇప్పట్లో పోవు. మందుల దుకాణంలో వార్ఫరిన్ లేదని అసినోకుమరాల్ ఇస్తే మాత్రం తీసుకోకండి. రెండూ ఒకే జాతివి అయినా మిల్లీగ్రాములు ఒకదానికొకటి సరిపోవు.

మీటరు సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఆరు నెలలకోసారి ఒకే రోజు ల్యాబులోనూ ఇంట్లోనూ చూస్తాము. ఇంతవరకు మూడుసార్లు పోల్చాము, తేడా 0.1, 0.3, 0.2. అర లోపు తేడా ఉంటే ఫరవాలేదన్నారు డాక్టరు గారు. రక్తం మరీ తక్కువగా ఉన్నవారిలోనూ, యాంటీఫాస్ఫోలిపిడ్ జబ్బు (రక్తం ఊరికే గడ్డలు కట్టే జబ్బు) ఉన్నవారిలోనూ ఈ పట్టీలు నమ్మదగ్గవి కావు కనుక, వారు కొనే ముందు డాక్టరును అడగాలి. ఐదుకు నేను నాలుగు నక్షత్రాలు ఇస్తాను. తగ్గించిన ఒక్కటీ వేడికీ, ఆ దుకాణానికీ.

పోయిన నెల అమ్మకు దవడ పన్ను తీయించవలసి వచ్చింది. ఇదివరలో ఒకసారి పన్ను కోసం నాలుగు రోజులు మాత్ర ఆపించి మమ్మల్ని హడలెత్తించారు. ఈసారి డాక్టరు గారూ పళ్ల డాక్టరూ మాట్లాడుకుని, పొద్దున ఐఎన్‌ఆర్ 3.5 లోపు ఉంటే మాత్ర ఆపకుండానే తీద్దామన్నారు. బయలుదేరే ముందు చూస్తే 2.8. పన్ను తీశాక కుట్టు వేసి, ట్రానెగ్జామిక్ ఆమ్లంలో తడిపిన గాజుగుడ్డ కొరికి పట్టుకోమన్నారు. ఆ మందు గడ్డను పుట్టించదు, పుట్టిన గడ్డ కరిగిపోకుండా చూస్తుందంతే. నలభై నిమిషాలకు గుడ్డ తీసి చూస్తే, పన్ను గుంటలో ముదురు ఎర్రగా, జీడిపాకంలా గడ్డ కూర్చుని ఉంది. అద్దం అందిస్తే అమ్మ నోరు తెరిచి చాలాసేపు చూసుకుని, ఇంకా గుడ్డ కొరికి పట్టుకున్నట్టున్న మాటతోనే అడిగింది: "కట్టీసినాదేటి నాన్నా?"